లాకుల దాకా

మా అంబాజీపేట వైపు ఆడమనిషి పొద్దున్నే పరిగెడుతోందంటే ఎవరికో ఏదో అయిందనే అర్థం. నేను మొదటిసారి కాలువ గట్టు మీద పరిగెత్తిన రోజు, కొబ్బరి దింపుకి వెళ్తున్న ఒకాయన సైకిల్ ఆపేసి, "ఏమైందండి టీచరుగారూ, ఎవరికి బాగోలేదు?" అని కంగారుగా అడిగాడు.

"నాకేనండి" అన్నాను.

అప్పటికి అయిదు నెలలుగా బాగోలేదు. 2023 శ్రావణంలో మొదలైంది. తెల్లవారుజామున మూడింటికి మెలకువ వచ్చేసేది, మళ్లీ కన్ను మూతపడేది కాదు. పద్నాలుగేళ్లుగా లెక్కలు చెబుతున్నదాన్ని, ఒకరోజు బోర్డు మీద భిన్నాల లెక్క సగంలో ఆగిపోయాను. "తర్వాతేంటి టీచర్?" అని పిల్లలు అడిగితే తర్వాతేంటో నాకు తెలియలేదు. మా ఆయన కువైట్‌లో ఉంటారు. ఆయన ఫోన్ చేస్తే అంతా బాగుందనే చెప్పేదాన్ని. చుట్టాలు "నీకేం తక్కువ?" అనేవారు. ఓదార్పుగానే అన్నారు గానీ, ఆ మాట చేసిన చెరుపు ఇంతా అంతా కాదు. ఏ తక్కువా లేకుండా ఇలా ఉన్నానంటే తప్పంతా నాలోనే ఉందని తీర్మానించుకున్నాను.

మా ఇంటి వెనకే కాలువ. ఆ రోజుల్లో గట్టెక్కాలంటే భయం. నీళ్లంటే కాదు, నా మీద నాకే. ఒక రాత్రి ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416కి ఫోన్ చేశాను. అవతల ఒకమ్మాయి తెలుగులోనే మాట్లాడింది. తొందరపెట్టకుండా విని, ఇంట్లో ఒక్కరికైనా ఇప్పుడే చెప్పమంది. అత్తయ్యగారిని లేపి చెప్పాను. అంతకుముందు నాకు దిష్టి తీసిన మనిషి, ఆ రాత్రి ఏమీ అడగకుండా నా పక్కన చాప వేసుకుని పడుకున్నారు. తెల్లారాక అమలాపురం డాక్టరు దగ్గరికి ఆవిడే తీసుకెళ్లారు.

డిప్రెషన్ అన్నారు డాక్టరుగారు. టాబ్లెట్ రాసి, గుణం కనిపించడానికి కొన్ని వారాలు పడుతుంది, ఈలోగా మానేయొద్దన్నారు. కనుమ నాడు ఊరు ఊరంతా జగ్గన్నతోట ప్రభల తీర్థానికి వెళ్లింది. నేను వెళ్లలేదు. సాయంత్రం అత్తయ్యగారు పెట్టిన బూరె కొరికితే తియ్యగా ఉంది. నాలుగు నెలల తర్వాత నాలుకకి తెలిసిన మొదటి తీపి అది. ఆ తర్వాతే డాక్టరుగారు నడక, పరుగు మొదలుపెట్టమన్నారు.

ఈ వరస ముఖ్యం. "మందులెందుకు, పొద్దున్నే లేచి పరిగెత్తు, అదే పోతుంది" అని ఇప్పటికీ నాతో అనేవాళ్లున్నారు. మంచం మీంచి లేవడానికి కావలసిన శక్తినే ముందు లాగేసుకునే జబ్బు ఇది. ఆమ్‌స్టర్‌డామ్ పరిశోధకులు 2023లో ఒక అధ్యయనం ప్రచురించారు. డిప్రెషన్ గానీ, ఆందోళన గానీ, రెండూ గానీ ఉన్న 141 మందిలో కొందరికి 16 వారాలు మందులు, కొందరికి పరుగు. తేరుకున్నవాళ్లు రెండువైపులా దాదాపు సమానం, సుమారు 44 శాతం. కానీ మందుల వైపు 82 శాతం మంది చివరిదాకా పద్ధతి ప్రకారం వాడారు, పరుగు వైపు అలా నిలిచింది 52 శాతమే. ఆ మిగిలిన సగం మందిని ఎవరైనా బద్ధకస్తులంటే నాకు కోపమొస్తుంది. పన్నెండొందల బూట్లు కొనుక్కుని, తలుపు గడియ మీద చెయ్యి వేసి, తీయలేక వెనక్కొచ్చి పడుకున్న పొద్దులు నాకెన్నో ఉన్నాయి.

పద్ధతి చిన్నదే. ఒక నిమిషం పరుగు, రెండు నిమిషాల నడక, అలా పదిసార్లు. వారానికి మూడు రోజులు. చున్నీ నడుముకి బిగించి, చీకట్లో పాములుంటాయని టార్చి పట్టుకుని, ఇంటి దగ్గర్నుంచి, కాలువ నీళ్లని ఆపి వదిలే లాకుల వైపు. మొదటి వారం మూడో చింతచెట్టు దాటలేదు. పరుగంటే ఎండార్ఫిన్లు అంటారు గానీ, రక్తంలోవి మెదడులోకి అంత తేలిగ్గా చేరవట. శరీరమే తయారుచేసుకునే, గంజాయి పదార్థాన్ని పోలిన రసాయనాల పాత్ర ఉండొచ్చని ఇప్పుడంటున్నారు. నా మటుకు తేలికదనం పరుగులో రాలేదు. అయిపోయాక, చెమట ఆరుతూ అరుగు మీద కూర్చున్నప్పుడు వచ్చేది. తల్లో ఆగకుండా తిరిగే గానుగ ఓ గంటసేపు ఆగేది.

అంతకన్నా పెద్ద మార్పు ఇంకొకటి. ఆ అయిదు నెలల్లో నేను నాతో అన్న మాట ఒక్కటీ నిలబెట్టుకోలేదు. రేపు తల దువ్వుకుంటాను, రేపు పాప పుస్తకాలకి అట్టలు వేస్తాను, అన్నీ రేపే. "రేపు నాలుగో చెట్టు దాకా" అనుకుని నాలుగో చెట్టు ముట్టుకున్న రోజు, నా మాట మీద నాకు పిసరంత నమ్మకం కలిగింది. మనిషి సన్నబడిందా లేదా అని ఊళ్లోవాళ్లు చూశారు. నేను చెట్లు లెక్కపెట్టుకున్నాను.

మార్చిలో జ్వరమొచ్చి పది రోజులు పడుకున్నాను. మూడింటి మెలకువ తిరిగొచ్చింది. అంతా మొదటికొచ్చిందని ఏడ్చాను. డాక్టరుగారు మందు కొనసాగించి, మళ్లీ మూడో చెట్టు నుంచే మొదలుపెట్టమన్నారు. దాళ్వా, అంటే రెండో పంట, కోతలయ్యాయి, కాలువకి నీళ్లు కట్టేశారు. బురద నెర్రెలిచ్చింది, ఎండిన గుర్రపుడెక్క కంపు. ఆ ఎండు కాలువ పక్కనే లాకుల దాకా ఆగకుండా పరిగెత్తడం నేర్చుకున్నాను. దింపు ఆయన "ఇవాళ ఆలస్యమైందేంటండి?" అని పలకరించేవాడు.

జూన్‌లో నీళ్లొదిలారు. ఆ పొద్దున లాకుల దగ్గరికి వెళ్లేసరికి ఎర్రనీళ్లు కొబ్బరి డొక్కల్నీ నురగనీ తోసుకుంటూ వస్తున్నాయి. గట్టు అంచున నిలబడ్డాను. చాలాసేపు చూశాను. వెలుగొచ్చాక టార్చి ఆపి, ఆ నీళ్ల పక్కనే ఇంటివైపు పరిగెత్తాను.