మామ వైసుకి ఎన్ని రంగులు

ఈసారి సెలవులో పదకొండు రోజులు మా మామ షాపులోనే గడిచిపోయాయి. కువైట్‌లో రోజంతా ఇనుమే, ఇక్కడికొచ్చినా ఇనుమేనా అని మా ఆవిడ అలిగింది. ఆమె కోపంలో న్యాయముంది.

చిత్తూరులో మా మేనమామది చిన్న లేత్ షాపు. చెరుకు గానుగల పిన్నులు, బోరు మోటారు షాఫ్టులు, ట్రాక్టరు సామాను, ఇవే పని. గుమ్మం పక్కన మందపాటి బల్లకి బిగించిన బెంచ్ వైసు ఒకటుంది, ఇనుప ముక్కని రెండు దవడల మధ్య కదలకుండా బిగించి పట్టే పనిముట్టు. తిరుపతిలో ఐటీఐ చదివే రోజుల్లో సెలవులకి వచ్చి ఆకురాయి పట్టడం నేర్చుకున్నది దాని మీదే. చెయ్యి వంకర పోతే మామ స్కేలుతో మోచేతి మీద ఒకటి వేసేవాడు. ఇన్నేళ్లలో దాని పేరేంటి, ఏ ఊరిదని ఒక్కసారైనా చూశానా? లేదు. అది వైసు, అంతే.

అలా చూడటం నాకు షువైఖ్‌లో అలవాటైంది. కువైట్‌లో గ్యారేజీలు, వర్క్‌షాపులు కిక్కిరిసిన ఏరియా అది. నేను చేరిన కొత్తలో మా షాపు మూలన తూటా ఆకారంలో ఒక వైసు ఉండేది. ఫోర్‌మన్ మలయాళీ, అందరం చేట్టా అంటాం. దాన్ని విప్పి గ్రీజు పెట్టమన్నాడు. ముందు దవడ పూర్తిగా బయటికి లాగితే అడుగున 10-73 అని గుద్ది ఉంది. 1973లో చేశారన్నమాట అన్నాను. చేట్టా తల కూడా ఎత్తకుండా, 'ఐదు తీసెయ్' అన్నాడు.

అది విల్టన్ వైసు. ఐదేళ్ల గ్యారంటీ ఇచ్చి, ఆ గ్యారంటీ ముగిసే నెలని గుద్దేవాళ్లట. అంటే సరుకు 1968ది. అదే మరీ పాత విల్టన్‌లైతే తయారైన తేదీయే ఉంటుంది, ఐదు తీయకూడదు. 1941లో చికాగోలో ఆ కంపెనీ పెట్టిన హ్యూ వోగల్ చెక్ దేశం నుంచి వలస వెళ్లినవాడు. వలసపోయినోడు చేసిన వైసుకి వలసొచ్చినోళ్లం గ్రీజు పెడుతున్నామని చేట్టా తరవాత చాలాసార్లు అనేవాడు. ఆయనకున్న జోకు అదొక్కటే.

అప్పట్నుంచి శుక్రవారం వస్తే అల్ రాయ్‌లో జరిగే సంతకి పోవడం మొదలుపెట్టాను. పాత సామాను గుట్టల్లో అమెరికా వైసులూ ఉంటాయి, ఇంగ్లండ్‌వీ ఉంటాయి. 1934లో కువైట్ ఆయిల్ కంపెనీ పెట్టినప్పుడు చెరిసగం వాటా ఆ రెండు దేశాల కంపెనీలదే కదా, ఎవరి పనిముట్లు వాళ్లు తెచ్చుకుని ఉంటారు. పోత అక్షరాల్లో, అంటే ఇనుము పోసినప్పుడే ఉబ్బెత్తుగా వచ్చే అక్షరాల్లో, వైసు అన్న మాట ఉంటే స్పెల్లింగే ఊరు చెప్పేస్తుంది. అమెరికావాడు 'ఎస్' పెడతాడు, ఇంగ్లండువాడు 'సి' పెడతాడు. ఆ 'సి'తో ఫోన్‌లో వెతికితే మాత్రం వైస్ ఛాన్సలర్లందరూ బయటికొస్తారు. అమెరికా సరుకు మీద పేటెంట్ తేదీ ఉంటే క్యాలెండర్ కూడా చూడాలి. అక్కడ పేటెంట్లు మంగళవారమే ఇస్తారు. మనం చదివిన తేదీ బుధవారం పడిందంటే, తుప్పులో ఎనిమిదిని తొమ్మిది అనుకున్నట్టే.

ఇంత చదువూ అయ్యాక మామ షాపులో కాలుపెడితే కళ్లు నేరుగా ఆ వైసు మీదికే పోయాయి. పాత ఇనుప సామానువాడు కిలో లెక్కన అడుగుతున్నాడంట, ఇచ్చేసి కొత్తది తెద్దామని మామ కొడుకు. మామ ఒప్పుకోలేదు. 'మా తాత కోలారు గనుల్లో పనిచేసేటప్పుడు దొర ఇచ్చిండాడు. కోలారుకి కరెంటు వచ్చిన ఏడు' అన్నాడు. ఇది చిన్నప్పట్నుంచీ వింటున్న కథే. పలమనేరు, వి.కోట మీదుగా గనులకి పోయినవాళ్లు మా వైపు ఇంటికొకరు. తేదీ ఎవరూ అడగలేదు.

పేరు చదవాలంటే రంగు పోవాలి. ప్రతి ఆయుధ పూజకీ మామ వైసుకి ఒక కోటింగ్ వేస్తాడు, లేత్‌కి వేయగా మిగిలిన రంగు. షాపు కుర్రాడు గ్రైండర్ తెచ్చాడు. చెయ్యి పట్టుకుని ఆపాను. పోత అక్షరాలు ఒక్క రాపిడికి పోతాయి, పైగా పాత రంగుల్లో సీసం ఉంటుంది, ఆ దుమ్ము ఊపిరితిత్తుల్లోకి పోతుంది. రంగు వూడగొట్టే మందు పూసి, చెక్క పుల్లతో గీకాం. ఆకుపచ్చ. దాని కింద వెండి రంగు. ఎరుపు. మళ్లీ ఆకుపచ్చ. ఒక పొర మధ్యలో ఎండిపోయిన కుంకుమ బొట్టు అట్లే ఉంది, మామ దాన్ని వేలితో తాకి ఏమీ అనలేదు. అన్నిటికన్నా అడుగున నీలం.

నీలం కనపడగానే నాకు సగం తెలిసిపోయింది, ఇంగ్లండ్ రికార్డ్ వైసుల రంగు అది. పక్కన పోత అక్షరాలు తేలాయి: రికార్డ్, నెంబర్ 3, మేడ్ ఇన్ ఇంగ్లండ్. కిందుగా చేసిన కంపెనీ పేరు హాంప్టన్, దాని ఊరు షెఫీల్డ్. దవడ కొలిస్తే సరిగ్గా నాలుగంగుళాలు, నెంబర్ 3 అంటే అంతే ఉండాలి.

ఇక్కడే చిక్కొచ్చింది. కోలారుకి శివనసముద్రం నుంచి కరెంటు వచ్చింది 1902లో. హాంప్టన్ కంపెనీ 1898లోనే ఉంది కానీ, రికార్డ్ అనే పేరు పెట్టుకున్నది 1909లో. 1972లో ఆ కంపెనీ రిడ్జ్‌వే కంపెనీతో కలిసిపోయింది. కాబట్టి ఈ వైసు చేసింది 1909కీ 1972కీ మధ్యే ఎప్పుడో. మామతో చెప్పాను. 'అయితే మా తాత అబద్ధం చెప్పినాడంటావా?' అన్నాడు. తాత ఎందుకు చెప్తాడు మామా, చెప్పినోళ్లు ఏడు మార్చింటారు అన్నా, ఆ పూట నాకు టీ చెప్పలేదు.

మర్నాడు ఆయనే పిలిచాడు. వైసు అడుగుభాగంలో ఏదో గుద్దినట్టుంది చూడు అన్నాడు. టార్చ్ వేసినా తెలియలేదు. షాపులో వెంకన్న పటం ముందున్న విభూతి కొంచెం తీసి రుద్ది, పైపైన తుడిచాను. గాట్లలో తెల్లగా నిలిచింది: సి, ఆర్. కోలారులో ఛాంపియన్ రీఫ్ అని ఒక గని ఉండేది. మామ ముఖం వెలిగిపోయింది.

'నీ పేరుకి కూడా ఆ రెండు అక్షరాలే కదా మామా' అన్నాను.

'నేను గుద్దింటే ఇంత వంకరగా గుద్దుతానా?'

స్క్రూ కూడా బయటికి తీసి చూశాను. మొదటి రెండంగుళాలు మర బాగా అరిగి మెరుస్తోంది. ఆ పైన అంచులు ఇంకా పదునుగా ఉన్నాయి. దీన్ని బార్లా తెరిచే పని ఈ షాపులో ఎప్పుడో గానీ పడలేదు. తుడిచి, గ్రీజు పెట్టి మళ్లీ ఎక్కించాను. అడుగున అసలు నీలం కొంచెం కనపడేలా వదిలేద్దాం, రంగు వేయొద్దు అంటే, ఆయుధ పూజ నాడు నువ్వు కువైట్‌లో ఉంటావులే అన్నాడు మామ.

ఫోన్‌లో ఆ అక్షరాల ఫొటో తీస్తుంటే బంగారుపాళ్యం నుంచి ఒకాయన గానుగ పిన్ను వంగిపోయిందని గోనెసంచిలో పట్టుకొచ్చాడు. మామ గుడ్డతో విభూతి తుడిచేసి, పిన్ను దవడల్లో పెట్టి హ్యాండిల్ తిప్పాడు.

'జరగరా, వెలుతురుకి అడ్డం ఉండావు.'