మైనరు తరఫున మేనమామ

నేను రాస్తున్న నవలలో విలన్ పేరు ప్రసన్న భూపతి. మహారాణికి అన్న. మొహం మీద గాటు లేదు, మెల్లకన్ను లేదు, ఒంటరిగా ఉన్నప్పుడు కూడా వికటంగా నవ్వడు. జానపద సినిమాల్లో రాజనాల గారు మీసం మెలేసి ఓరగా చూస్తే నేల టికెట్టు వాళ్ల నుంచి బాల్కనీ వాళ్ల దాకా అందరికీ సంగతి తెలిసిపోయేది, పక్కనే కూర్చున్న రాజుకు తప్ప. చిన్నప్పటి నుంచీ ఆ రాజుల మీద నాకు జాలి కంటే అనుమానమే ఎక్కువ. అంత స్పష్టంగా కనబడే మనిషిని ఎందుకు పోల్చుకోడు? నవల సగానికి వచ్చాక నాకు తోచిన జవాబు ఇది: రాజుకూ తెలుసు. పైకి అనడు, అంతే.

నేను చిత్తూరులో ఒక వకీలు గారి దగ్గర టైపిస్టుని. దావాలు, వకాల్తాలు, జవాబు దావాలు టైపు చేయడం పని. భాగపంపకాల కేసులే ఎక్కువ. తండ్రి పోయి పిల్లవాడు మైనరైతే, దావాలో పేరు పిల్లవాడిదే ఉంటుంది, సంతకం గార్డియన్ పెడతాడు. వాళ్లలో చాలామంది నిజంగానే ఆ పిల్లల కోసం చెప్పులరిగేలా కోర్టు చుట్టూ తిరిగేవాళ్లు. కానీ అప్పుడప్పుడూ ఒకాయన వస్తాడు. బెంచీ చివర కూర్చుంటాడు, కాఫీ ఇచ్చినా వద్దంటాడు. "పిలకాయకు అన్యాయం జరగకూడదు సార్. నాకేం వద్దు" అంటాడు. ఆ మాట ఒకసారి అన్నవాడి గురించి నేనేమీ అనుకోను. అరగంటలో నాలుగుసార్లు అన్నవాణ్ని మాత్రం కీబోర్డు మీంచి తల ఎత్తి చూస్తాను. ప్రసన్న భూపతి నాకు దొరికింది ఆ బెంచీ మీదే. నవల మొత్తంలో అతని నోటి వెంట "నాకు కావాలి" అన్న మాట రాకూడదని నియమం పెట్టుకున్నాను. "నాకేం వద్దు" మాత్రం కావలసినన్నిసార్లు అనుకోవచ్చు.

కోర్టు పని చేసి చేసి ఇలా తయారయ్యానో ఏమో గానీ, విజయనగర చరిత్ర చదివినా నాకు మైనరు కేసులే కనిపిస్తాయి. 1491లో సాళువ నరసింహరాయలు పోతూ చిన్న పిల్లలను తన సేనాని నరసనాయకుడి చేతిలో పెట్టాడు. పెద్దవాడు కొద్ది రోజులకే హత్యకు గురయ్యాడు. చిన్నవాడు ఇమ్మడి నరసింహుడికి రాజన్న పేరు మిగిలింది, ఉండడం పెనుకొండలో, అధికారమంతా నరసనాయకుడిది. 1505లో ఆ ఇమ్మడి నరసింహుణ్నీ చంపేశారు, నరసనాయకుడి పెద్ద కొడుకు సింహాసనం ఎక్కాడు. మనం భువనవిజయం, అష్టదిగ్గజాలు అని మురిసిపోయే రాయలవారు ఆ పెద్ద కొడుకు తమ్ముడే. రాజ్యం ఆ ఇంటికి వచ్చిన దారి ఇది.

ఇక 1542. కృష్ణదేవరాయల తర్వాత రాజైన తమ్ముడు అచ్యుతరాయలు పోయాడు, కొడుకు పసివాడు. పిల్లవాడి తరఫున పెత్తనం తల్లి తోబుట్టువు సలకరాజు తిరుమలయ్య చేతికి వచ్చింది. అంటే స్వయానా మేనమామ. ఆ మేనమామే పిల్లవాణ్ని చంపించి గద్దె ఎక్కాడు.

మేనమామ అనే చోట నేను చాలాసేపు ఆగిపోయాను. మన ఇళ్లలో పుట్టువెంట్రుకలు తీయించాలన్నా, చెవులు కుట్టించాలన్నా పిల్లవాణ్ని మేనమామ ఒళ్లోనే కూర్చోబెడతారు. కత్తెర కనబడగానే పిల్లవాడు కేర్ మంటే మొహం దాచుకునేది ఆయన భుజంలోనే. కంసుడు, శకుని అంటూ పెద్ద పేర్లు చెప్పినా, మన కథల్లో చెడ్డ మేనమామ అంత గట్టిగా తగలడానికి కారణం ఈ ఒడి. అందుకే ప్రసన్న భూపతికి మేనల్లుడి మీద ప్రేమ లేనట్టు రాయలేదు. ప్రేమ ఉంది. జ్వరం వస్తే రాత్రంతా పక్కనే కూర్చుంటాడు. ఆ పిల్లవాడు పోతే తను రేపు ఎవరి తరఫున మాట్లాడతాడు? భయం, ప్రేమ ఒకే మనిషిలో ఎక్కడ కలిసిపోతాయో అతనికే తెలియదు, నేనూ తేల్చి చెప్పదలచుకోలేదు.

నవలకు అసలు ప్రాణం పోసింది మాత్రం వేలూరు కోట. చిత్తూరు నుంచి గంట దారి. మావైపు పెద్దవాళ్లు ఇప్పటికీ రాయవేలూరు అంటారు. ఇటువైపు ఎవరికి ఒంట్లో బాగా లేకపోయినా అక్కడి పెద్దాసుపత్రికే పరుగు. అమ్మ పరీక్షల రిపోర్టులు సాయంత్రానికి గానీ రావంటే, ఆ మధ్యాహ్నాలు నేను కోటలో గడిపేదాన్ని. చుట్టూ నీళ్లతో కందకం, లోపల జలకంఠేశ్వరుడి గుడి. విజయనగరపు చివరి రోజుల్లో వెంకటపతిరాయల రాజధాని ఇదే. ఆయన 1614లో చనిపోయాక జరిగిన సంగతుల్ని బర్రాదాస్ అనే పోర్చుగీసు పాదిరీ 1616లో ఒక ఉత్తరంలో రాశాడు. దూరాన కూర్చుని విన్నవి విన్నట్టు రాసిన మనిషి కాబట్టి ప్రతి మాటనూ దస్తావేజుగా తీసుకోలేం. నవల రాసేవాళ్లకు మాత్రం అది నిధి.

ఆయన చెప్పిన ప్రకారం రాయలకు పిల్లలు లేరు. ఆస్థానంలో పెద్ద నాయకుడైన గొబ్బూరి జగ్గరాయుడి వంశపు ఆడపడుచైన రాణి ఒకామె వేరే స్త్రీ బిడ్డను తెచ్చి తన కడుపున పుట్టాడని చెప్పింది. ఆ బిడ్డ తనవాడు కాడని రాయలకు తెలుసు. తెలిసీ వేడుకలు జరిపించాడు, పెంచాడు, పెళ్లి కూడా చేశాడు. నేను ఎన్నిసార్లు చదివినా ఆగేది ఇక్కడే. కుట్ర అంటే చీకట్లో గుసగుసలని మనకు అలవాటైపోయింది. ఇక్కడ చీకటే లేదు. అంతఃపురమంతటికీ తెలిసిన సంగతి, ఏళ్ల తరబడి పట్టపగలే పెరిగి పెద్దదైంది. ముసలి రాజు మొహమాటమో, రాణి మీద ఇష్టమో, గొబ్బూరి వాళ్ల సైన్యం మీద లెక్కో.

చనిపోవడానికి మూడు రోజుల ముందు రాయలు అన్న కొడుకు శ్రీరంగరాయలను పిలిచి రాజముద్రిక చాచాడట. అతను ఏడుస్తూ కాళ్ల మీద పడి, వద్దు, ఇంకెవరికైనా ఇవ్వండి అన్నాడట. రాయలు మళ్లీ చాచాడు. చుట్టూ ఉన్న నాయకులు నచ్చజెబితే తీసుకుని, తలకు అద్దుకుని, కన్నీళ్లతోనే వేలికి పెట్టుకున్నాడు. రెండు లక్షల క్రుజాదోల (పోర్చుగీసు నాణేల) ఖరీదు చేసే అంగీ కూడా ఇచ్చారని పాదిరీ ధరతో సహా రాశాడు. కొద్ది నెలలకే జగ్గరాయుడు ఆ అరువు బిడ్డను రాజన్నాడు, శ్రీరంగరాయలను కుటుంబంతో సహా బంధించి, చివరికి అందరినీ చంపించాడు. శ్రీరంగరాయల పక్షాన నిలిచిన వెలుగోటి యాచమనాయకుడు మాత్రం బట్టలుతికే ఒకతని సాయంతో శ్రీరంగరాయల రెండో కొడుకు రామదేవుణ్ని అంతకుముందే కోట దాటించాడు.

ఆ ఉంగరాన్నే నా నవలలోకి తెచ్చుకున్నాను. రాసేది ఫాంటసీ కాబట్టి దానికి ఒక మహిమ పెట్టాను. వంశపు రక్తం ఉన్న చేతిని తాకితే అందులోని తెల్లరాయి ఎర్రబడుతుంది. అది పెట్టుకోగానే చిక్కు వచ్చి పడింది. అరువు బిడ్డను యువరాజని నిలబెడదామంటే ఉంగరం ఊరుకోదు కదా! నిజం చెప్పే వస్తువు ఒకటి కథలో ఉందంటే కుట్రదారుడికి ఇక పనుండదు. నకిలీ ఉంగరం చేయించెయ్ అంది మా స్నేహితురాలు. అది దొంగ చేసే పని. ప్రసన్న భూపతి దొంగ కాదు, పెద్దమనిషి.

చివరికి ఆ అధ్యాయం ఇలా వచ్చింది. యువరాజు పుట్టువెంట్రుకల రోజు. హోమం జరుగుతోంది, పిల్లవాడు మేనమామ ఒళ్లో ఉన్నాడు. ఉంగరాన్ని ఆ చిన్న గుప్పిట్లో పెట్టారు. రాయి రంగు మారలేదు. సభలో అందరూ చూశారు. ప్రసన్న భూపతి పురోహితుడి వైపు వంగి, "స్వామీ, ఈ పొగలో నా కంటికి ఆనడం లేదు. కాస్త మీరే చూసి చెప్పండి" అన్నాడు. పురోహితుడి అగ్రహారం పత్రం రాజముద్ర కోసం ఆర్నెల్లుగా ఎదురుచూస్తోంది. ఆయన కళ్లు చికిలించి, "అరుణిమ కనిపిస్తోంది" అన్నాడు. మంత్రి మనవరాలికి భూపతి ఇంట్లో సంబంధం ఖాయమైంది. "అవునవును, అంచున ఎరుపుంది" అన్నాడు మంత్రి. సేనాపతి దళానికి రెండు నెలల జీతం బాకీ. ఆయన తల ఊపాడు. మిగిలింది రాజు. కాదంటే నిండు సభలో భార్య పరువు పోతుంది. "పిల్లవాడికి పొగ తగులుతోంది, లోపలికి తీసుకెళ్లండి" అన్నాడు.

ఇందులో ప్రసన్న భూపతి ఒక్క అబద్ధమూ ఆడలేదు. ఆడింది మిగతావాళ్లు. రేపటి నుంచి ఆ అబద్ధాన్ని కాపలా కాయాల్సింది కూడా వాళ్లే. మా ఆఫీసులో సాక్షి సంతకాల దగ్గర జరిగేది ఇంతే. ఒకసారి సంతకం పెట్టినవాడు తర్వాత ఆ కాగితం వైపే మాట్లాడతాడు.

ఇంకో సంగతి. ప్రసన్న భూపతి పాలన బాగా చేస్తాడు. చెరువులకు గండ్లు పూడ్పిస్తాడు, బాటసారులను దోచుకునేవాళ్లను అణిచేస్తాడు. అళియ రామరాయలు గుత్తి కోటలో బందీగా ఉన్న సదాశివరాయలను తెచ్చి రాజును చేసి, ఆ పేరుతో 1565 తళ్లికోట యుద్ధం దాకా రాజ్యమంతా తనే నడిపాడు. చివరి ఏళ్లలో అసలు రాజు జనానికి ఏడాదికోసారి కనిపించేవాడట. రామరాయలను విలన్ అనేయడం నాకు ఇష్టం లేదు. కానీ అలాంటి సమర్థుడి కింద బతికే రైతు, "ఎవరైతే ఏంటి, నీళ్లొస్తున్నాయి" అంటాడు చూడండి, ఆ రైతు నా నవలకు చాలా అవసరం. అధ్యాయాలు ఆన్‌లైన్లో పెడుతుంటే, "మీ భూపతి మంచోడే కదండీ, ఎందుకండీ అతన్ని అలా అనుమానంగా చూపిస్తారు" అని ఒక పాఠకురాలు అడిగింది. ఆ రోజు నాకు పండగే.

విలన్ చావు రాయడం కష్టం. ఇక్కడ మళ్లీ సలకరాజు తిరుమలయ్యే దారి చూపించాడు. రామరాయలు మీదికి వచ్చి ఇక గెలవలేనని తేలాక అతను చేసినవి ఫిరిష్తా అనే పారశీక చరిత్రకారుడు రాశాడు: రాజుగారి ఏనుగులకు, గుర్రాలకు కళ్లు పొడిపించాడట, వాటి తోకలు కోయించాడట. వజ్రాలు, కెంపులు, పచ్చలు, ముత్యాలు తిరగళ్లలో వేయించి పిండి చేయించి నేల మీద చల్లించాడట. తర్వాత ఒక స్తంభానికి కత్తి బిగించి దాని మీద పడి చచ్చాడు. ఇందులో అతిశయోక్తి ఎంతైనా ఉండనీ, ఆ తిరగలి మాత్రం నన్ను వదలడం లేదు. ఖజానాకు కాపలాదారుగా అడుగుపెట్టినవాడు దాన్ని ఇంకొకరికి అప్పగించాల్సి వచ్చిన రోజున విసిరి పిండి చేశాడు. ప్రసన్న భూపతి చేత కూడా చివర్లో "నాకు" అన్న మాట ఒక్కసారి అనిపించబోతున్నాను. ఎక్కడ, ఎవరితో అన్నది చెప్పేస్తే ఇక మీరు చదవరు.

జగ్గరాయుడు మాత్రం యుద్ధంలోనే పోయాడు, 1616-17 ప్రాంతంలో, తిరుచిరాపల్లి దగ్గర తోపూరులో. ఒకవైపు మధుర, జింజి నాయకులతో అతను, మరోవైపు తంజావూరు రఘునాథనాయకుడితో యాచమనాయకుడు. ఆ కోట దాటిన పిల్లవాడు రామదేవరాయలై రాజ్యానికి వచ్చాడు. వచ్చాక గొబ్బూరి వాళ్లతో గొడవ తీరడం లేదని, జగ్గరాయుడి తమ్ముడి కూతుర్నే పెళ్లి చేసుకుని రాజీ పడ్డాడు! తన తల్లిదండ్రులను, తోబుట్టువులను చంపించినవాడి ఇంటి అల్లుడయ్యాడు. ఇది ఊహించి రాస్తే నన్ను నమ్మేవాళ్లు కాదు.

రెండో భాగం అలాంటి పెళ్లితోనే మొదలవుతుంది. ప్రస్తుతం విడిది ఇంట్లో ఇరువైపుల వాళ్లనూ ఎదురెదురుగా కూర్చోబెట్టాను. పెళ్లికొడుకు వైపు బతికున్న బంధువులే లేరు, కోట దాటించిన ఆ బట్టలుతికే ఆయన తప్ప. ఆయనకు ఆ పందిట్లో ఏ వరసలో కుర్చీ వేయాలా అని పెళ్లివారు వాదించుకుంటున్నారు, నేను ఆదివారం నుంచీ ఆ వాదనే టైపు చేస్తున్నాను.