మధుపర్కాలు, ఫ్లాష్, మాడిపోయిన ముఖాలు

రాత్రి ముహూర్తం పెళ్లి ఫోటోల్లో రెండు తప్పులు పదే పదే కనిపిస్తాయి. పెళ్లికూతురి ముఖం సున్నం కొట్టినట్టు తెల్లగా ఉండి వెనక మండపమంతా చీకటైపోవడం ఒకటి. బట్టలు బాగానే వచ్చి ముఖాలు మాత్రం నల్లబడటం రెండోది. వీటి కారణాలు వేరు, కాబట్టి మందూ వేరే.

ముందు చీకటి సంగతి. ఫ్లాష్ వెలుగు దూరం రెట్టింపైతే నాలుగో వంతుకు పడిపోతుంది. జంట 2 మీటర్లలో, పూల డెకరేషన్ 6 మీటర్లలో ఉంటే, జంటకు అందిన వెలుగులో తొమ్మిదో వంతే డెకరేషన్‌కు చేరుతుంది. పవర్ పెంచితే ముఖాలు ఇంకా తెల్లబడతాయి తప్ప వెనక ఏమీ వెలగదు. అక్కడ పనిచేయాల్సింది హాలు లైట్లే. ఫ్లాష్ మెరుపు రెప్పపాటులో పదో వంతు కూడా ఉండదు కాబట్టి షటర్ స్పీడ్ తగ్గించినా ఫ్లాష్ వెలుగు మారదు, హాలు వెలుగు మాత్రం పెరుగుతుంది. మాన్యువల్ మోడ్‌లో షటర్ 1/100 సెకను, ఎఫ్ 4 (లెన్సు రంధ్రం ఎంత తెరవాలో చెప్పే అంకె), ఐఎస్ఓ 1600 (సెన్సర్ వెలుగుకు ఎంత స్పందించాలో చెప్పే అంకె), ఫ్లాష్ టీటీఎల్‌లో (లెన్సు గుండా వచ్చే వెలుగు కొలిచి కెమెరాయే ఫ్లాష్ పవర్ నిర్ణయించే పద్ధతి) పెట్టి మొదలుపెట్టండి. చాలకపోతే ఐఎస్ఓ 3200. 1/100 ఎందుకంటే, మన కరెంటు 50 హెర్ట్జ్. నాసిరకం ఎల్ఈడీలు సెకనుకు 100 సార్లు మినుకుతాయి, అంతకన్నా వేగంగా తీస్తే ఫోటోలో చారలు పడొచ్చు. చాలా కెమెరాల్లో 1/200 లేదా 1/250 దాటితే మామూలు ఫ్లాష్‌తో ఒక అంచున నల్ల పట్టీ వస్తుంది, అది కెమెరా చెడిపోవడం కాదు.

ఇక నల్లబడ్డ ముఖాలు. కెమెరా మీటర్ ఎదురుగా ఏమున్నా దాన్ని మధ్యస్థమైన బూడిద రంగుకు తేవాలని చూస్తుంది. తాళి కట్టే వేళ ఫ్రేమంతా తెల్లటి మధుపర్కాలే. టీటీఎల్ కూడా ఆ తెలుపు చూసి వెలుగు చాలనుకుని ఫ్లాష్‌ను తొందరగా కట్ చేసేస్తుంది. అందుకే ఫ్లాష్ కాంపెన్సేషన్ +0.7 నుంచి +1 పెట్టాలి. మెరుపు గుర్తు పక్కన ప్లస్ మైనస్ ఉండే మెనూ అది, మామూలు ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్ కాదు. నల్ల తెర ముందు రిసెప్షన్‌కు దీనికి తిరగేసి −0.7. జరీ నేరుగా లెన్సులోకి మెరిసినా ఫ్లాష్ మోసపోతుంది, ఒక అడుగు పక్కకు జరిగితే చాలు.

సీలింగ్ తెల్లగా, 3-4 మీటర్ల ఎత్తులో ఉంటే ఫ్లాష్ తలను పైకి తిప్పడమంత మేలైన పని ఇంకోటి లేదు. ఎర్ర షామియానా కింద మాత్రం వద్దు, ముఖాలన్నీ కుంకుమ రంగుకు తిరుగుతాయి. పసుపు బల్బుల హాల్లో ఫ్లాష్‌కు నారింజ జెల్ (వెలుగు రంగు మార్చే పారదర్శక రేకు) తగిలించి, కెమెరా రంగులను సరిచేసే వైట్ బ్యాలెన్స్‌ను 3200 కెల్విన్ దగ్గర పెడితే ముందు వెనక రంగులు కలుస్తాయి.

రా ఫైల్‌లో (కెమెరా కుదించకుండా దాచే ముడి ఫోటో) ఒక స్టాప్, అంటే సగం వెలుగు, తక్కువైన ముఖాన్ని తర్వాత లేపొచ్చు, నీడల్లో కాస్త గరుకు మాత్రం తేలుతుంది. పూర్తిగా తెల్లబడి పోయిన నేతను ఏ సాఫ్ట్‌వేరూ తిరిగి తేలేదు. అందుకే పూర్తిగా తెల్లబడిన చోట్లను స్క్రీన్ మీద మినుకుతూ చూపించే హైలైట్ వార్నింగ్ ఆన్‌లో ఉంచండి. గాజుల మీద చుక్కలా మినుకుతే వదిలేయండి. మధుపర్కం ఎర్రంచు పక్కన తెల్లటి నేత మీదో, నుదుటి మీదో మినుకుతే ఫ్లాష్ 0.3 తగ్గించండి. జంట పీటల మీదకు రాకముందే తెల్ల పంచెతో పంతులుగారు అక్కడ కూర్చుని ఉంటారు, ఆయన మీద రెండు ఫ్రేములు తీసి ఈ లెక్కంతా సరిచూసుకోవచ్చు.