గుంటూరులో సెఖోన్ విమానం

గుంటూరులో ఒక విద్యాసంస్థ ఆవరణలో సిమెంటు దిమ్మె మీద నిలిపిన నాట్ యుద్ధవిమానం నమూనాను చూడగానే చాలామంది నోట వచ్చే మాట ఒకటే: ఇంత చిన్నదా! భారత వైమానిక దళ ఫ్లయింగ్ ఆఫీసర్ నిర్మల్‌జిత్ సింగ్ సెఖోన్ ఏం చేశారో అర్థం కావాలంటే ఆయన ఎక్కిన విమానం ఎంత చిన్నదో ముందు కంటితో చూడాలి కనుక, ఆ ఆశ్చర్యం సరైన చోటే మొదలవుతుందని నేను నమ్ముతాను.

ఫైబరుతో అసలు కొలతల్లోనే చేసిన ఈ నమూనా పొడవు తొమ్మిది మీటర్లకు కాస్త తక్కువ, రెక్కల కొస నుంచి కొసకు ఏడు మీటర్ల లోపే. గాలి లోపలికి పోయే రెండు నోళ్ల పక్కన 30 మిల్లీమీటర్ల ఫిరంగుల రంధ్రాలను కూడా మరచిపోకుండా చెక్కారు. రేకుల అతుకులను, రివెట్లను సన్నని కుంచెతో ఒక్కొక్కటిగా దిద్దిన ఆ చేతిపని చూస్తే తెనాలి శిల్పుల ఓపిక గుర్తుకొస్తుంది. పైలట్ కూర్చునే చోటు ఎంత ఇరుకంటే, భుజాలు విశాలంగా ఉన్న మనిషి అందులో ఎలా ఇమిడాడా అనిపిస్తుంది.

1971 డిసెంబరు 14న పాకిస్థాన్‌తో యుద్ధం జరుగుతుండగా పెషావర్ నుంచి ఆ దేశపు ఆరు సేబర్ యుద్ధవిమానాలు శ్రీనగర్ విమానాశ్రయం మీదికి వచ్చాయి. 1948 నాటి అంతర్జాతీయ ఒప్పందం వల్ల యుద్ధం మొదలయ్యే దాకా కాశ్మీర్ లోయలో మన యుద్ధవిమానాలు ఉండేవి కావు కాబట్టి, 18వ స్క్వాడ్రన్‌కు చెందిన సెఖోన్‌కు ఆ కొండలూ ఆ చలీ కొత్తవే. ముందు లేచిన మరో నాట్ రేపిన దుమ్ములో ఆయన వెంటనే కదలలేకపోయారు. రన్‌వే కనిపించే సరికి శత్రువులు నెత్తి మీదే ఉండి కాల్పులు జరుపుతున్నారు. అయినా ఆయన లేచారు, ఎదురుగా ఉన్న సేబర్ల జంటను వెంటాడారు. వాటిలో ఒకదానికి గుళ్లు తగిలాయని, మరొకటి దెబ్బతిన్నదని పరమవీరచక్ర ప్రశంసాపత్రం చెబుతుంది. తరువాత మిగతా సేబర్లు చుట్టుముట్టగా, నలుగురికి ఒక్కరుగా పోరాడి ఆయన కూలిపోయారు. వైమానిక దళంలో పరమవీరచక్ర పొందినవారు నేటికీ ఆయన ఒక్కరే.

సేవ నుంచి తప్పించిన నిజమైన నాట్‌ను తెచ్చి పెట్టి ఉంటే బాగుండేదని కొందరు అంటారు. నేను ఒప్పుకోను. ఆయన విమానం శ్రీనగర్ దగ్గర లోయలో శకలాలైంది, ఎంత గాలించినా ఆయన దేహం దొరకలేదు. కాబట్టి నిజమైన నాట్‌ను తెచ్చినా అది మరొకరు నడిపినదే అయ్యేది. ఆయన కోసమే మొదలుపెట్టి, ఆయన పేరుతోనే పూర్తిచేసిన ఈ నమూనాలో ఆ లోటు లేదు.

నా అసంతృప్తి ఫలకం గురించి మాత్రమే. దాని మీద పేరు, పతకం, తేదీ ఉన్నాయి కానీ ఆ దుమ్ము గురించి లేదు, ఆరు విమానాల గురించి లేదు. ఆగి ఉండడానికి తగిన కారణం ఎదుట ఉండగా ఆయన లేచారన్నదే కదా పిల్లలకు తెలియవలసిన విషయం! నాలుగు వాక్యాలు తెలుగులో చేర్చమని నిర్వాహకులకు రాసి ఇచ్చాను. గుంటూరు ఎండకు రెక్కల మీది మూడు రంగుల వలయాలు అప్పుడే వెలిసిపోతున్నాయి. ఏటా డిసెంబరు 14కు ముందే రంగు వేయించమని కూడా అదే ఉత్తరంలో కోరాను.