ఏవా గార్డ్‌నర్ పుట్టిన పొగాకు పల్లెలో

అమెరికాలో నార్త్ కరోలినా రాష్ట్రంలోని ర్యాలీ చుట్టుపక్కల ఉండే తెలుగువాళ్ళకు స్మిత్‌ఫీల్డ్ అంటే ఐ-95 హైవే పక్కనున్న అవుట్‌లెట్ షాపులే. ఇండియా ప్రయాణానికి ముందు బూట్లూ జాకెట్లూ కొనడానికి వెళ్తారు, సంచులు నింపుకుని వచ్చేస్తారు. ఆ షాపులకు కాస్త దూరంలో, ఊళ్ళో మార్కెట్ స్ట్రీట్ మీద పాత హాలీవుడ్ నటి ఏవా గార్డ్‌నర్ మ్యూజియం ఉందని చాలామందికి తెలియదు. ర్యాలీ పక్కనున్న కేరీకి కాపురం వచ్చినప్పటి నుంచీ నాకది చూడాలని ఉంది. ఈ ఆగస్టులో అమ్మ కూడా ఇక్కడే ఉండటంతో ఇద్దరం బయల్దేరాం.

హైవే దిగి ఊరి రోడ్డెక్కగానే అమ్మ సీట్లో ముందుకు వంగింది. ఇరువైపులా పొగాకు చేలు. అడుగు ఆకులు రెలిచేసి ఉన్నాయి, పైన మిగిలిన ఆకు పసుపు తిరుగుతోంది. చేల మధ్య అక్కడొకటీ ఇక్కడొకటీ పొగాకు కాల్చే పాత చెక్క బ్యారన్లు, తుప్పు పట్టిన రేకు కప్పులతో. "ఇవి బ్యారన్లేగా అమ్మాయ్!" అంది. అమ్మ పుట్టిల్లు కందుకూరు దగ్గర. కర్రలకు ఆకు అల్లడం, రాత్రిళ్ళు బ్యారన్ దగ్గర మంట కాచుకుని కూర్చోవడం చూస్తూ పెరిగిన మనిషి. అక్కడా ఇక్కడా పండేది అదే వర్జీనియా పొగాకు. కారు ఆపమని దిగి, ఒక ఆకును వేళ్ళ మధ్య నలిపి వాసన చూసింది.

ఏవా ఈ చేలల్లోనే పెరిగింది. 1922 డిసెంబర్ 24న, స్మిత్‌ఫీల్డ్‌కి ఆమడ దూరంలోని గ్రాబ్‌టౌన్ అనే పల్లెలో, ఏడుగురు పిల్లల్లో చివరిదిగా పుట్టింది. తండ్రి జోనస్ పొగాకు, పత్తి పండించే రైతు. చిన్నతనంలో ఏవా కూడా చెప్పుల్లేకుండా చేలో తిరిగి పొగాకు మొక్కల పిలకలు తుంచేది. "జిగురు చేతులకంటుకుని నల్లగా మారుద్ది, ఎంత తోమినా పోదు" అంది అమ్మ. తెర మీద ఏవా చేతులు చూసినప్పుడల్లా ఇకమీదట నాకు ఆ మాట గుర్తొస్తుంది.

మ్యూజియం పెద్ద భవనమేమీ కాదు. ఊరి షాపుల వరుసలో కలిసిపోయి ఉంటుంది, లోపలికి వెళ్తే మాత్రం త్వరగా బయటికి రాబుద్ధి కాదు. ముందు ఆమె జీవితం మీద ఒక చిన్న సినిమా వేస్తారు. ఆ తర్వాత సినిమాల్లో తొడిగిన దుస్తులు, పోస్టర్లు, ఉత్తరాలు, ఇంట్లో వాడిన వస్తువులు. గోడల మీద ఆమె చిత్రాలు ఎన్నో. వాటిని గీసింది బర్ట్ ఫైఫర్ అనే డచ్ చిత్రకారుడు. అభిమానంతో ఏళ్ళ తరబడి ఆమె బొమ్మలే గీస్తూ పోయి, అవన్నీ చివరికి ఈ మ్యూజియానికే ఇచ్చేశాడు.

అసలు ఈ మ్యూజియం పుట్టడమే ఒక కథ. హైస్కూల్ చదువు 1939లో అయ్యాక ఏవా విల్సన్ అనే ఊళ్ళో కాలేజీలో చేరి సెక్రటరీ పని నేర్చుకునేది. అక్కడ కాలేజీ అమ్మాయిల్ని ఏడిపించే పిల్లల గుంపులో టామ్ బ్యాంక్స్ అనే పన్నెండేళ్ళ వాడొకడు. ఒకరోజు ఏవా వాణ్ణి తరిమి పట్టుకుని బుగ్గ మీద ముద్దు పెట్టింది. తర్వాత కొన్నాళ్ళకు ఆ అమ్మాయి కనిపించడం మానేసింది. ఓ రోజు పేపర్లో ఫోటో చూశాడు, ఎం.జి.ఎం. సినిమా కంపెనీ ఆమెను తీసుకుందని. ఆ రోజు మొదలుపెట్టి ఆమెకు సంబంధించిన ప్రతి కాగితం ముక్కా జీవితాంతం పోగుచేశాడు. పెళ్ళయ్యాక భార్య లొరైన్ కూడా ఆ పనిలో చేయి కలిపింది. 1980ల మొదట్లో ఏవా చిన్నప్పుడు ఉన్న ఇంటినే కొని, వేసవుల్లో అక్కడ మ్యూజియం నడిపాడు. 1989లో ఆయన పోయాడు. శాశ్వతంగా ఒక మ్యూజియం పెట్టాలన్న షరతు మీద ఆ సేకరణంతా లొరైన్ స్మిత్‌ఫీల్డ్ ఊరికి అప్పగించింది. ఇప్పుడున్న భవనంలోకి 2000లో మారింది. ఒక అభిమాని ఇంతకన్నా గొప్ప పని ఏం చేయగలడు?

న్యూయార్క్ ఫోటో కథ ఉన్న చోట నేను చాలాసేపు నిలబడ్డాను. ఏవా పెద్దక్క బియాట్రిస్‌ను ఇంట్లో బాపీ అనేవారు. ఆమె భర్త లారీ టార్ ఫోటోగ్రాఫర్. అక్కను చూడ్డానికి న్యూయార్క్ వెళ్ళిన మరదలికి ఆయన ఒక ఫోటో తీసి, ఫిఫ్త్ ఎవెన్యూలోని తన స్టూడియో కిటికీలో పెట్టాడు. లోయీస్ థియేటర్లలో పనిచేసే గుమాస్తా ఒకడు అది చూసి, ఆ అమ్మాయి ఫోన్ నంబర్ కోసం తాను సినిమా కంపెనీ మనిషినని అబద్ధమాడాడు. ఆ అబద్ధం దారి తిరిగి నిజం సినిమా కంపెనీ దాకా చేరింది. కెమెరా ముందు నిలబెడితే ఆమె పల్లెటూరి యాస వాళ్ళకు ఎంత కొత్తగా తోచిందంటే, మాటల్లేకుండానే పరీక్ష తీశారు. 1941లో ఏడేళ్ళ కాంట్రాక్టు, వారానికి యాభై డాలర్ల జీతం. మొదట చేసిన పని ఆ యాస పోగొట్టడం.

ఆ తర్వాత అయిదేళ్ళ పాటు గుంపులో నిలబడే వేషాలే. ఈలోగా నటుడు మికీ రూనీతో పెళ్ళి, ఏడాది తిరక్కుండానే విడిపోవడం, సంగీతకారుడు ఆర్టీ షాతో ఇంకో పెళ్ళి, అదీ నిలవలేదు. గాయకుడు ఫ్రాంక్ సినాట్రాతో 1951లో జరిగిన మూడో పెళ్ళి గురించి పత్రికలు రాసినంత ఆమె నటన గురించి రాయలేదు. నాకు కోపం వచ్చేది అక్కడే. 1946లో ఎం.జి.ఎం. ఆమెను యూనివర్సల్ కంపెనీకి అరువిస్తే 'ద కిల్లర్స్' వచ్చింది, నటుడు బర్ట్ లాంకాస్టర్‌కు అది మొదటి సినిమా. అందులో ఆమె పెద్దగా ఏమీ చేస్తున్నట్టు కనిపించదు. కళ్ళు మాత్రం ఒకటి చెబుతుంటాయి, నోరు ఇంకోటి. అందం ఒక్కటే ఉన్నవాళ్ళు ఆ పని చేయలేరు.

'షో బోట్' పోస్టర్ దగ్గర అమ్మకు పాటల సంగతి చెప్పాను. 1951లో ఆ సినిమా కోసం ఏవా తన గొంతుతోనే పాడింది, ఎంతో సాధన చేసింది. స్టూడియో వాళ్ళు తెర మీద అనెట్ వారెన్ గొంతు పెట్టారు. రికార్డుల మీద మాత్రం ఏవా పాడినవే వేశారు. "మన సినిమాల్లో ఎవరు పాడుకుంటారు వాళ్ళ పాటలు వాళ్ళు? అదేమన్నా తప్పా?" అంది అమ్మ. తప్పు కాదు. కానీ ఆ రికార్డు వింటే ఏవా గొంతులో కాస్త బరువు, కాస్త అలసట ఉంటాయి, ఆ పాత్రకు సరిగ్గా సరిపోయేవి. యాస తీసేశారు, ఆ తర్వాత గొంతే తీసేశారు. ఆ బాధ ఆమెకు చివరిదాకా ఉంది.

మన దేశం కథతో ఆమె చేసిన సినిమా ఒకటుంది, 1956లో వచ్చిన 'భవానీ జంక్షన్'. స్వాతంత్ర్యం వచ్చే రోజుల్లో ఒక రైల్వే ఊళ్ళో, విక్టోరియా జోన్స్ అనే ఆంగ్లో ఇండియన్ అమ్మాయి ఎటూ చెందలేక నలిగిపోయే కథ. దర్శకుడు జార్జ్ క్యూకర్. షూటింగ్ మాత్రం లాహోర్లో జరిగింది. సినిమా మన మనుషుల్ని చూపించిన తీరులో నాకు నచ్చనివి చాలానే ఉన్నాయి. అయినా ఏవా చీర కట్టుకుని నడిచే సన్నివేశాల్లో కొత్త బట్టలో ఇమడాలని చూసే మనిషి తడబాటు కనిపిస్తుంది, అది నిజంగా ఉంటుంది. బ్రిటన్ వాళ్ళు ఆ నటనను అవార్డుకు నామినేట్ చేశారు. అమెరికాలో ఆస్కార్ నామినేషన్ దక్కింది ఒక్క 'మొగాంబో' సినిమాకే, 1953లో.

స్మిత్‌ఫీల్డ్ గురించి ఇంకో మాట చెప్పకుండా దాటలేను. 1977 దాకా ఈ ఊరి హైవే పక్కన, నల్లవాళ్ళను ద్వేషించే కు క్లక్స్ క్లాన్ ముఠా పేరుతో స్వాగత బోర్డు ఉండేది. అటువంటి నేల మీద పెరిగిన ఏవాకు దశాబ్దాల పాటు తోడుగా ఉన్న మనిషి మెరీన్ జోర్డన్ అనే నల్లజాతి స్త్రీ. రీనీ అని పిలిచేది. పనిమనిషిగా చేరి స్నేహితురాలైంది. నల్లవాళ్ళను రానివ్వని చోట్లకు ఏవా ఆమెను పక్కన పెట్టుకుని వెళ్ళేది.

సన్‌సెట్ మెమోరియల్ పార్క్ శ్మశానం ఊరి అంచునే ఉంది. ఏవా 1955లో స్పెయిన్ వెళ్ళిపోయింది, 1968 నుంచి లండన్లో ఉంది, అక్కడే 1990 జనవరి 25న 67వ ఏట పోయింది. ఆమె కుక్కనూ, ఇల్లు చూసుకునే మనిషినీ గ్రెగరీ పెక్ తన ఇంటికి తీసుకెళ్ళాడు, ఆమెతో మూడు సినిమాలు చేసిన స్నేహితుడు. ఏవాను మాత్రం ఇక్కడికే తెచ్చారు. అమ్మానాన్నల పక్కన, తోబుట్టువుల వరుసలో ఒక రాయి. పైన్ చెట్ల సూదులు రాలి ఉంటే అమ్మ చేత్తో తుడిచింది.

తిరుగు దారిలో బ్రాగ్డెన్ వైపు నుంచి వచ్చాం. పొలం చేజారిపోయాక ఏవా తల్లి మాలీ ఇక్కడి బడి టీచర్లు ఉండే ఇంట్లో వంట చేసి, ఇల్లు చూసుకునే పనికి కుదిరింది. కుటుంబమంతా ఆ ఇంట్లోనే ఉండేది. టామ్ బ్యాంక్స్ కొన్నది ఆ ఇంటినే. ఆ తర్వాత వర్జీనియాలోని న్యూపోర్ట్ న్యూస్‌లో ఓడల పనివాళ్ళకు, మళ్ళీ ఇటు వచ్చి రాక్ రిడ్జ్‌లో టీచర్లకు మాలీ భోజనం, బస నడిపింది. భర్త 1938లో పోయినా ఆ పని ఆపలేదు. ఏవా ఎదిగింది ఇలా పరాయివాళ్ళకు వడ్డించే ఇళ్ళలో.

1964లో వచ్చిన 'ద నైట్ ఆఫ్ ది ఇగ్వానా'లో ఆమె వేసింది మెక్సికో కొండ మీద చిన్న హోటల్ నడిపే మాక్సిన్ వేషం. జాన్ హ్యూస్టన్ దర్శకత్వం. జుట్టు ముడి సరిగా లేదు, ఒంటి మీద నలిగిన బట్టలు. వచ్చినవాళ్ళ మీద కేకలేస్తూనే వాళ్ళ పక్క వేసి, తిండి పెట్టి, రాత్రి వాళ్ళ గోడు వినే మనిషి. ఆ పాత్రకు శాన్ సెబాస్టియన్ ఉత్సవంలో ఉత్తమ నటి బహుమతి వచ్చింది. ఆ మాక్సిన్ ఎక్కడి నుంచి వచ్చిందో బ్రాగ్డెన్ రోడ్డు మీద నాకు తెలిసింది. ఇంటికి రాగానే అమ్మకు ఆ సినిమానే పెట్టాను. మొదటి అరగంటలోనే, "ఈమెకు ఇల్లు నడపడం తెలుసే" అంది.