బూడిద రంగు గడి మీద రెండో సిటీ

టర్న్‌ల వారీగా సామ్రాజ్యం కట్టే కంప్యూటర్ ఆట సివిలైజేషన్ 6లో, కొత్త సిటీ కట్టే సెట్లర్‌ని ఎంచుకోగానే మ్యాప్ రంగులు మారతాయి. ముదురు పచ్చ గడి దగ్గర మంచినీళ్లున్నట్టు, లేత పచ్చ అంటే సముద్రతీరం, బూడిద రంగు అంటే నీళ్లు లేవని. ఎరుపు గడుల్లో సిటీ కట్టనే కట్టలేం. ముదురు పచ్చ కనిపిస్తే ఇంకేం చూడకుండా దిగిపొమ్మంటారు చాలామంది. మొన్నటి ఆటలో నేను రెండో సిటీని బూడిద రంగు మీద కట్టాను. సైన్స్‌లో నన్ను అందరికంటే ముందు నిలబెట్టింది ఆ సిటీయే.

రాజధానితో మాత్రం సాహసాలు చేయలేదు. ఆట మొదలైన చోటుకి పక్కనే, నది ఒడ్డున, ప్లెయిన్స్ కొండ ఒకటుంది. ఒక టర్న్ పోతే పోయిందని సెట్లర్‌ని అక్కడికి జరిపాను. మామూలు గడి మీద సిటీ సెంటర్‌కి 2 ఫుడ్, 1 ప్రొడక్షన్ వస్తాయి. ప్లెయిన్స్ కొండ మీదైతే ప్రొడక్షన్ కూడా 2. తొలి టర్న్‌లలో ఆ ఒక్కటే మొదటి స్కౌట్‌నీ మొదటి సెట్లర్‌నీ ముందుగా బయటకు తెస్తుంది. అంతకు మించి మంచి చోటు కోసం టర్న్‌లు ఖర్చు చేస్తూ తిరగడం నాకు నచ్చదు.

స్కౌట్ ఉత్తరాన ఒక పర్వతాల వరస బయటపెట్టాడు. అది వంపు తిరిగిన చోట ఒక ఖాళీ గడి, దాన్ని ఆనుకుని నాలుగు పర్వతాలు. ఆ గడిలో క్యాంపస్, అంటే సైన్స్ కోసం కట్టే డిస్ట్రిక్ట్, పెడితే ఆనుకున్న ప్రతి పర్వతానికీ 1 సైన్స్ చొప్పున, లైబ్రరీ కూడా లేకుండానే 4 వస్తుంది. నేచురల్ ఫిలాసఫీ అనే ప్రభుత్వ విధానం కార్డు పెడితే అది రెట్టింపు. కాస్త దూరంలో నది ఒడ్డున ముదురు పచ్చ చోటు ఒకటి ఉంది కానీ, అక్కడి నుంచి ఈ గడి నాలుగు గడుల దూరం. సిటీకి అందేది మూడు గడుల వరకే.

చిక్కంతా హౌసింగ్‌తోనే, అంటే సిటీలో ఎంత జనాభాకి చోటుందనే లెక్కతో. నది ఒడ్డు సిటీకి 5 ఉంటుంది, నీళ్లు లేని చోట 2. జనాభాకీ హౌసింగ్‌కీ తేడా ఒకటికి దిగగానే ఎదుగుదల సగానికి పడిపోతుంది కాబట్టి, నా సిటీ పుట్టడమే నత్తనడకతో పుడుతుంది. అయితే మొదటి డిస్ట్రిక్ట్‌కి జనాభా 1 ఉంటే చాలు. రెండోదానికే 4 కావాలి. నాకు ముందు కావలసింది క్యాంపస్ ఒక్కటే.

సిటీకి నీళ్లు తెచ్చే డిస్ట్రిక్ట్ అయిన అక్విడక్ట్ లెక్క కూడా అప్పుడే వేసుకున్నాను. అది ఒకవైపు సిటీ సెంటర్‌ని, ఇంకోవైపు నదినో సరస్సునో పర్వతాన్నో ఆనుకోవాలి. నీళ్లు లేని సిటీ హౌసింగ్‌ని అది 6కి తెస్తుంది. నది ఒడ్డు సిటీకైతే 2 మాత్రమే కలిపి 7 చేస్తుంది. మొదట్లో మూడున్న తేడా చివరికి ఒకటే! పైగా జనాభాని బట్టి ఉండే డిస్ట్రిక్ట్‌ల లెక్కలోకి అక్విడక్ట్ రాదు. అందుకే సెట్లర్ చేరకముందే మ్యాప్ మీద పిన్‌లు పెట్టుకున్నాను: క్యాంపస్‌కి ఒకటి, సిటీ సెంటర్‌కీ పర్వతానికీ మధ్యనున్న గడిలో అక్విడక్ట్‌కి ఒకటి. ఒకసారి కట్టిన డిస్ట్రిక్ట్‌ని మళ్లీ జరపలేం. అక్విడక్ట్ పక్క గడిని ఇండస్ట్రియల్ జోన్‌కి అట్టేపెట్టాను. గ్యాదరింగ్ స్టార్మ్ అనే ఎక్స్‌పాన్షన్ ఉంటే ఆ పొరుగు వల్ల ప్రొడక్షన్ 2 పెరుగుతుంది.

మూడో సిటీ పొరుగు దేశం వైపు. అక్కడ లక్సరీ వనరులు రెండు ఊరిస్తున్నాయి, కానీ రైజ్ అండ్ ఫాల్ ఎక్స్‌పాన్షన్ వచ్చాక లాయల్టీ (సిటీ ఎవరి పక్షాన ఉంటుందన్న లెక్క) చూడకుండా అటు వెళ్లడం సిటీని వాళ్ల చేతిలో పెట్టడమే. తొమ్మిది గడుల లోపున్న ప్రతి సిటీ జనాభా ఒత్తిడి చూపిస్తుంది, దగ్గరయ్యే కొద్దీ ఎక్కువ. రెండు గడులు నా రాజధాని వైపు వెనక్కి జరిగి, ఒక్క లక్సరీతో సరిపెట్టుకుని, గవర్నర్‌ని పంపాను. గవర్నర్ ఉంటే సిటీకి టర్న్‌కి 8 లాయల్టీ కలుస్తుంది.

నాలుగోది తీరంలో, నేరుగా లక్సరీ గడి మీదే. గడులను బాగుచేసే బిల్డర్‌తో పని లేకుండా అది చేతికొచ్చింది. ఒక మీటరు ఎత్తున్న పల్లపు గడుల్లో మాత్రం డిస్ట్రిక్ట్‌లు పెట్టలేదు. సముద్రం పెరిగితే ముందు మునిగేవి అవే, అడ్డుకట్ట వేసే ఫ్లడ్ బ్యారియర్ కంప్యూటర్స్ టెక్నాలజీ దాకా రాదు.

ఉత్తరాన అక్విడక్ట్ పూర్తయిన దగ్గర్నుంచీ రెండో సిటీ కూడా జనాభా పెంచుకుంటూ పోయింది. తర్వాత దాని ఇండస్ట్రియల్ జోన్‌లో కట్టిన ఫ్యాక్టరీ ప్రొడక్షన్, ఆరు గడుల లోపే ఉన్న రాజధానికీ అందింది.