అమ్మ నడుము నిటారుగానే ఉంది

నాకు ఆంకిలోజింగ్ స్పాండిలైటిస్ (వెన్నెముక కీళ్లు వాచి బిగుసుకుపోయే జబ్బు) అని తేలిన రోజు అమ్మ అడిగిన మొదటి మాట: "నా నుంచే వచ్చిందేటే ఇది నీకు?" నొప్పి కంటే ఆ మాటే నన్ను ఎక్కువ బాధపెట్టింది.

తెల్లవారుజామున నడుము కింద, పిర్ర లోపల నొప్పితో మెలకువ వచ్చేది. ఒకసారి కుడివైపు, ఇంకోసారి ఎడమవైపు. మంచం దిగాలంటే గోడ పట్టుకోవాలి. గాజువాకలో బస్సెక్కి ఆఫీసు చేరి, అటూ ఇటూ తిరిగాక సడలేది. మధ్యాహ్నం కాసేపు నడుం వాలిస్తే మళ్లీ బిగిసేది. కాన్పు తర్వాత మొదలైంది కాబట్టి బాలింత నడుమన్నారు ఇంట్లోవాళ్లు. డిస్క్ అన్నారు మొదట చూసిన డాక్టర్, బెడ్‌రెస్ట్ రాశారు. కదిలితే తగ్గి, పడుకుంటే పెరిగే నొప్పికి బెడ్‌రెస్ట్! ఇది మగవాళ్ల జబ్బని చాలాకాలం అనుకున్నారు. అందుకే ఆడవాళ్లలో ఇప్పటికీ ఆలస్యంగా బయటపడుతోంది.

చివరికి నా జబ్బును కన్ను పట్టించింది. ఎర్రబడి, వెలుతురు చూడలేక వెళ్తే కంటి డాక్టరమ్మ యువైటిస్, అంటే కంటి లోపలి వాపు అని చెప్పి, "నడుము కూడా నొప్పిగా ఉంటుందా అమ్మా?" అని అడిగారు. ఆ ఒక్క ప్రశ్నకు ఆవిడకు ఎప్పటికీ రుణపడి ఉంటాను. తర్వాత రుమటాలజిస్టు (కీళ్లవాతాల డాక్టర్), ఎంఆర్ఐ, రక్త పరీక్షలో హెచ్ఎల్ఏ-బి27 పాజిటివ్.

ఈ బి27 జన్యువు ఆరో క్రోమోజోము మీద ఉంటుంది. కణం లోపలి ప్రొటీన్ ముక్కలను రోగనిరోధక కణాలకు చూపించడం దాని పని. ఈ జబ్బుతో దానికున్న సంబంధం 1973లోనే లండన్‌లో, లాస్ ఏంజెలిస్‌లో బయటపడింది. కానీ బి27 ఉన్నవాళ్లలో జబ్బు వచ్చేది నూటికి సుమారు ఐదుగురికే. రక్తసంబంధీకుల్లో ఎవరికైనా ఈ జబ్బు ఉంటే ఆ అవకాశం పెరుగుతుంది. ఆ ప్రొటీన్ ముక్కలను కత్తిరించే ఈఆర్ఏపీ1 లాంటి వేరే జన్యువుల్లోని తేడాలూ తోడవుతాయి. ఒక్క జన్యువుతో అయ్యే పని కాదిది.

అమ్మ పట్టుబట్టి తనూ పరీక్ష చేయించుకుంది. పాజిటివ్! డెబ్బై దగ్గరపడుతున్నా నిండు బిందె చంకనెత్తుకుంటుంది, ఒక్కనాడూ నడుమనలేదు. జన్యువు ఒక్కటే జబ్బు తేదని ఆ కాగితం చూశాకే నమ్మి, కాస్త కుదుటపడింది. అప్పుడు మాకు తాత గుర్తొచ్చాడు. అనకాపల్లి మార్కెట్లో బెల్లం దిమ్మలు మోసి మోసి వంగిపోయాడనే అందరూ అనుకున్నారు. నా అనుమానం వేరు, కానీ తేల్చుకునే దారి లేదు.

నొప్పి మాత్రలు చాలకపోతే, రోగనిరోధక శక్తిని కొంత అణిచి వాపు తగ్గించే అడాలిముమాబ్ మొదలుపెట్టారు. లోపల నిద్రపోతున్న టీబీని ఆ మందు లేపగలదు కాబట్టి ముందు ఛాతీ ఎక్స్‌రే, టీబీ పరీక్ష తప్పనిసరి. రెండు వారాలకో ఇంజెక్షన్, పొట్ట మీద నేనే వేసుకుంటాను. పొద్దున్నే బీచ్ రోడ్డులో బళ్లు ఆపేసే వేళ నడుస్తాను, వీలైనప్పుడు ఈత. జబ్బు పోలేదు, అదుపులో ఉంది. ఇప్పుడు లేవడానికి గోడ అక్కర్లేదు.

పాపకూ పరీక్ష చేయిద్దామంది అమ్మ. నా నుంచి ఆ జన్యువు వచ్చే అవకాశం సగం. ఏ లక్షణమూ లేనప్పుడు ఆ ఫలితంతో చేసేదేమీ లేదని డాక్టర్ వద్దన్నారు, నేనూ చేయించట్లేదు. తమ్ముడికి మాత్రం గట్టిగా చెప్పాను: నడుము పొద్దున్నే బిగుసుకుని నెలల తరబడి తగ్గకపోతే రుమటాలజిస్టు దగ్గరికెళ్లు, కన్ను ఎర్రబడి నొప్పెడితే మందుల షాపులో చుక్కలు కొనుక్కోకురా, ఆ రోజే కంటి డాక్టర్‌కు చూపించుకో అని.